పాత మాంగనీసు ఊళ్లో మా డిజైన్ స్టూడియో గురించి అందరూ అడిగే ప్రశ్నలు

సెమిస్టర్ మొదలైతే చాలు జూనియర్లు, వాళ్ల అమ్మానాన్నలు, మా పక్కింటి అంకుల్, ఆఖరికి రైల్లో ఎదురు సీట్లో కూర్చున్నాయన కూడా ఇవే అడుగుతుంటారు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టి పెట్టి గొంతు పోయింది, అందుకే ఒకసారి కూర్చుని అన్నీ టైప్ చేసేస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి.

అసలు మీరు చేసేదేంటి?

మేం వైజాగ్‌లో ఆర్కిటెక్చర్, డిజైన్ చదువుతున్నవాళ్లం, చదివేసి ఏదో ఆఫీసులో పనిచేస్తున్నవాళ్లం కలిపి ఒక పదిహేను మంది ఉంటాం. నెలకి రెండు ఆదివారాలు పొద్దున్నే పలాస పాసింజరు ఎక్కి చీపురుపల్లి వైపు ఒక ఊరికి వెళ్తాం. ఒకప్పుడు మాంగనీసు గనితో బతికిన ఊరు, గని మూతపడింది, మిగిలిందేదో హుద్‌హుద్ తుఫాను పట్టుకుపోయింది. అక్కడ ఊరోళ్లతో కలిసి చిన్న చిన్న పనులు చేస్తాం, అంతే. ఊరిని దత్తత తీసుకోలేదు, ఆ మాట వింటేనే నాకు చిరాకు. అన్నేళ్ల ఊరిని ఇరవై ఏళ్ల పిల్లలు దత్తత తీసుకోడం ఏంటండీ.

డిజైన్ అంటే పోస్టర్లు, డ్రస్సులు కదా, ఊరికి దాంతో పనేంటి?

మా నాన్న కూడా ఇదే అడిగారు. బస్సు కోసం నిలబడే చోట నీడ ఏ టైముకి ఎటు పడుతుంది, బోరింగు చుట్టూ నీళ్లు ఎటు పారాలి, రేకు ఎగిరిపోకుండా బోల్టు ఎక్కడ పడాలి, ఇవన్నీ డిజైనే. పోస్టర్లు కూడా వేశాం ఒకసారి, మేకలు తినేశాయి.

విజయనగరం వైపు గనులెక్కడివి?

ఇది వైజాగ్ పిల్లలకే తెలీకపోవడం నాకు భలే బాధేస్తుంది. ఇండియాలో మాంగనీసు తవ్వకం మొదలైందే గరివిడి దగ్గర కోడూరులో, 1892లో. అప్పటికి విజయనగరం జిల్లా లేదు, అదంతా విశాఖపట్నం జిల్లానే, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది. అక్కడ దొరికిన ఒక రకం రాయికి జియాలజీ పుస్తకాల్లో కోడూరైట్ అని మన ఊరి పేరే పెట్టేశారు, జియలాజికల్ సర్వేలో పనిచేసిన ఫెర్మర్ అనే ఆయన పెట్టిన పేరది. మాంగనీసు లేకుండా ఉక్కు తయారవదు కాబట్టి విదేశాల్లో గిరాకీ ఉండేది, 1933లో మన విశాఖ హార్బరు తెరిచినప్పుడు ఇక్కణ్ణుంచి వెళ్లిన ముఖ్యమైన సరుకుల్లో మాంగనీసు ఒకటి. అంటే మనం బీచ్ రోడ్డు మీద నిలబడి చూసే ఓడల వెనకాల ఆ ఊళ్ల నల్లమట్టి ఉందన్నమాట. తర్వాత మంచి ఖనిజం ఉన్న పొరలు తరిగిపోయి చిన్న గనులు ఒక్కోటీ ఆగిపోయాయి, మిగిలినవి గుంతలూ, పక్కన గుట్టలుగా పోసిన పనికిరాని రాయీ, కూలీల లైను ఇళ్లూ.

ఊరి పేరు ఎందుకు చెప్పరు?

ఊరోళ్లు వద్దన్నారు. ఒకసారి ఎవరో కుర్రాళ్లు వచ్చి పడిపోయిన ఇళ్ల ముందు నిలబడి వీడియో తీసుకుని "దయ్యాల ఊరు" అని పెట్టారు. ఆ ఇంట్లో మనుషులు ఉంటున్నారు, వెనక వైపు దండెం మీద చీరలు కూడా ఆరుతున్నాయి వీడియోలో.

ఊరిని దెబ్బతీసిన తుఫాను అంటే హుద్‌హుదేనా? అది వైజాగ్‌కి కదా వచ్చింది?

2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పుడు నేను సెకండ్ ఇయర్, ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. గాలి గంటకి దగ్గర దగ్గర 180 కిలోమీటర్లు అని తర్వాత తెలిసింది, ఆ రోజు మాత్రం కిటికీ అద్దం బయటికి లోపలికి ఊపిరి పీల్చినట్టు కదలడం ఒక్కటే గుర్తు. మధ్యాహ్నం ఒక్కసారిగా ఆగిపోయింది, అయిపోయిందనుకుని జనం రోడ్ల మీదకొచ్చేశారు, అది తుఫాను కన్ను, అంటే మధ్యలో గాలి ఆగే చోటు, అని ఎవరికి తెలుసు, కాసేపటికి గాలి రెండో వైపు నుంచి తన్నింది. మా ఇంటి మీద వాటర్ ట్యాంకు పక్క వీధిలో దొరికింది. తర్వాత కరెంటు లేక, పాల ప్యాకెట్టు కోసం లైన్లో నిలబడి, ఇవన్నీ వైజాగ్ వాళ్లందరికీ తెలిసిన కథే.

తెలియనిదేంటంటే, మనకి టీవీలొచ్చాయి, మంత్రులొచ్చారు, కొన్ని వారాల్లో రోడ్లు తేరుకున్నాయి. లోపలి ఊళ్లలో రేకులు ఎగిరిపోయిన ఇళ్ల మీద నీలం పట్టాలు కట్టుకుని జనం ఏళ్లకేళ్లు ఉన్నారు. మేం పనిచేసే ఊళ్లో జీడితోటలు పడిపోయాయి, గని ఆగాక వాళ్లకి మిగిలిన ఆదాయం అదొక్కటే. జీడిమొక్క నాటితే కాపుకి రావడానికి కొన్నేళ్లు ఆగాలి, ఆగలేనోళ్లు హైదరాబాద్, చెన్నై బిల్డింగ్ పనులకి పోయారు. మొక్కలు కాస్త ఎదిగే టైముకి 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది, దాని దెబ్బ ఎక్కువ ఉద్దానానికి తగిలింది గానీ మావాళ్లు మాత్రం ఆ రాత్రంతా మంచాలు గోడకి ఆనించుకుని కూర్చున్నారట.

మీవాళ్లు మాటకి ముందు జోప్లిన్, జోప్లిన్ అంటారు, ఏంటది?

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలో ఒక ఊరు, యాభై వేల జనాభా. సీసం, జింకు గనుల మీద పుట్టిన ఊరు, 1873లో మునిసిపాలిటీ అయింది, ఇరవయ్యో శతాబ్దం సగం దాటేసరికి గనులు పోయాయి. 2011 మే 22, అదీ ఆదివారమే, సాయంత్రం టోర్నడో (పెద్ద సుడిగాలి) వచ్చింది. వాళ్ల లెక్కలో అన్నిటికన్నా పెద్ద గ్రేడు, ఈఎఫ్-5, గంటకి 200 మైళ్ల పైన గాలి. 161 మంది చనిపోయారు, సుమారు ఏడు వేల ఇళ్లు పోయాయి, పెద్దాసుపత్రి పనికిరాకుండా పోయింది.

మాకు అది ఎందుకు పాఠం అయిందంటే, అక్కడ టోర్నడో, గని రెండూ ఒకదానికొకటి తగిలాయి. గని రాయి పిండి చేశాక మిగిలిన చెత్తని వాళ్లు చాట్ అంటారు (మన చాట్ బండి కాదు), దాన్ని ఏళ్ల తరబడి దారుల మీదా పెరళ్లలోనూ పోసేశారు. పైన గడ్డీ ఇళ్లూ ఉన్నన్నాళ్లు కిందున్న సీసం కిందే ఉంది, టోర్నడో వచ్చి అన్నీ పీకేసరికి మట్టి పైకొచ్చింది. పిల్లల మెదడుకి సీసం ఎంత చెడ్డదో మీకు చెప్పక్కర్లేదు. అందుకని దెబ్బతిన్న చోట్ల మట్టి పరీక్ష చేయించి, అవసరమైతే మట్టి తీయించి మార్చాకే ఇల్లు కట్టుకోవాలన్నారు, దానికి అమెరికా కేంద్ర ప్రభుత్వ డబ్బు కూడా వచ్చింది. అది చదివాక మేం మా ఊళ్లో గునపం వేసే ముందు మట్టి శాంపిల్ తీయడం మొదలెట్టాం. అంతకుముందు ఏడాదంతా ఆ మట్టిలోనే కూర్చుని ఇడ్లీలు తిన్నాం, నవ్వుకోండి.

దానికి కాస్త దూరంలోనే ఓక్లహోమాలో పిచర్ అని ఇంకో గని ఊరుంది, అవే గనుల బెల్టు. అక్కడ సీసం మరీ ఎక్కువ, కింద తవ్విన ఖాళీల వల్ల నేల కుంగే ప్రమాదం, జనాన్ని డబ్బిచ్చి ఖాళీ చేయిస్తున్న టైములో 2008 మేలో టోర్నడో. 2009లో ఆ మునిసిపాలిటీనే లేకుండా పోయింది. అంటే ప్రతి ఊరినీ తిరిగి కట్టి తీరాలి అనేది కూడా రూలేం కాదు, ఒక్కోసారి వెళ్లిపోవడమే సరైన పని. ఇది మా స్టూడియోలో చెప్తే పిల్లలు మొహాలు మాడ్చుకుంటారు.

అక్కడ స్టూడెంట్స్ ఏం చేశారు?

జోప్లిన్‌కి ఓ గంట ప్రయాణం దూరంలో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో డ్రూరీ యూనివర్సిటీ ఉంది. వాళ్ల ఆర్కిటెక్చర్ స్టూడెంట్స్ 2011లోనే, ఆ ఆసుపత్రికి ఎదురుగా ఉన్న కన్నింగ్‌హామ్ పార్కులో సాయానికొచ్చిన వాలంటీర్ల కోసం ఒక స్మారకం కట్టారు. ఆ తర్వాత 2014లో అదే పార్కులో సీతాకోకచిలుకల తోట తయారైంది. అందులో నాకు నచ్చిందేంటంటే, ఒకప్పుడు అక్కడున్న ఇళ్ల ఆకారాన్ని ఉత్త స్టీలు ఫ్రేముల్లా నిలబెట్టారు. గోడల్లేవు, కప్పుల్లేవు, ఇల్లు అన్న గీత మాత్రం గాల్లో ఉంటుంది. అదే పార్కులో చనిపోయినవాళ్ల పేరున 161 చెట్లు నాటారు.

ఇలా స్టూడెంట్సే గీసి స్టూడెంట్సే కట్టే పద్ధతి అమెరికాలో ఎప్పట్నుంచో ఉంది. అలబామాలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్ల రూరల్ స్టూడియో 1993 నుంచి ఒకే పేద ప్రాంతంలో పనిచేస్తోంది. ఒకే చోట అన్నేళ్లు, అది గమనించండి. మనోళ్లు ఒక సెమిస్టర్‌కి ఒక ఊరు మారుస్తారు.

మీ మొదటి ప్రాజెక్ట్ ఫెయిలైందటగా?

ఎవరు చెప్పారో గానీ నిజమే చెప్పారు.

జోప్లిన్ ఫొటోలు చూసిన ఊపులో మేమూ గని జ్ఞాపకంగా ఒక మ్యూజియం చేద్దామని షీట్లు గీసేసుకుని, త్రీడీ వ్యూలు రంగుల్లో ప్రింట్ తీసుకుని రామాలయం అరుగు మీద పరిచాం. గనిలో తట్టలు మోసిన ఒక మామ్మ కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, "బాగుంది బావూ, ఇది సూడ్డానికి ఎవులొస్తారు?" అంది. మేం టూరిస్టులు అన్నాం. "ఎవులు, మీరేనా?" అంది. అంతే, మీటింగ్ అయిపోయింది.

సరే మ్యూజియం వద్దు, బస్సు దిగే చోట బెంచీ కడదాం అనుకున్నాం. నల్లరాయి ముక్కలూ పాత టైల్స్ ముక్కలూ కలిపి మొజాయిక్, మధ్యలో గని తట్ట బొమ్మ. ఫొటోల్లో అదిరిపోయింది, కాలేజీలో మార్కులు కూడా పడ్డాయి. వేసవిలో పదకొండింటికే ఆ నల్లరాయి మీద కూర్చుంటే అట్టు పోసుకోవచ్చు. మేకలు మాత్రం సాయంత్రాలు ఎక్కి పడుకునేవి, రాయి వెచ్చగా ఉంటుంది కదా. టైల్స్ ఊడిపోతే అతికించేవాళ్లు లేరు, ఎందుకంటే అది ఎవరిదో ఎవరికీ తెలీదు, పంచాయతీది కాదు, మాదీ కాదు. ఊరోళ్లు దాన్ని ఇప్పటికీ "మీ బెంచీ" అనే అంటారు.

మరి మీరు బాగుచేసిన ఆ షెడ్డు సంగతి?

గని నడిచే రోజుల్లో రాయి తూకం వేసిన కాటా షెడ్డు ఒకటి ఊరి మొదట్లో ఉంది. గోడలు గట్టివి, హుద్‌హుద్‌కి కప్పు మొత్తం లేచిపోయింది. డ్వాక్రా ఆడవాళ్లు జీడిపిక్కలూ చింతపండూ వానకి తడవకుండా పెట్టుకోడానికి చోటు కావాలన్నారు, తుఫాను రాత్రి నలుగురు తలదాచుకోడానికీ పనికొస్తుందన్నారు. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న డిజైన్ గురించి కాదు, "తాళం ఎవులకాడ ఉంటాది?" అని.

ఈ ఒక్క ప్రశ్న మీద రెండు ఆదివారాలు పోయాయి. పంచాయతీ ఆఫీసులో ఉంటే ఆదివారం దొరకదు, ఫలానా ఆయన దగ్గర ఉంటే ఆ వీధి వాళ్లు రారు, మాజీ వాచ్‌మన్ తాత దగ్గర పెడదామంటే ఆయన కొడుకు దగ్గరికి హైదరాబాద్ పోతాడు. చివరికి ఊరి మధ్యలో చిన్న కొట్టు నడిపే పిన్ని దగ్గర పెట్టారు, ఆవిడ పొద్దుట్నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటుంది, అన్ని వీధులవాళ్లూ అప్పు పెట్టేది అక్కడే. కరెంటు బిల్లు సంఘం కడుతుంది, చిన్నాచితకా రిపేరుకి నెల నెలా కొంత పక్కన పెడతారు. ఇదంతా తేలాకే పెన్సిల్ పట్టుకున్నాం. ఇప్పుడు మా దగ్గర ఎవరు కొత్త ఐడియా తెచ్చినా నేనడిగే మొదటి మాట అదే, తాళం ఎవరి దగ్గర?

కప్పు మళ్లీ ఎగిరిపోదని గ్యారంటీ ఏంటి?

గ్యారంటీ ఎవరూ ఇవ్వరండీ. కానీ రేకు ఎందుకు ఎగురుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. గాలి రేకుని తోసేయదు, పైనుంచి పీలుస్తుంది, ఆ పీల్చడం అంచుల దగ్గరా మూలల దగ్గరా చాలా ఎక్కువ. మనోళ్లు బోల్టులు మధ్యలో ఎన్ని కొడతారో అంచులోనూ అన్నే కొడతారు, పైన నాలుగు రాళ్లు పెట్టి దణ్ణం పెట్టుకుంటారు. మేం అంచు వరసల్లో బోల్టులు దగ్గర దగ్గరగా వేయించాం. రెండు వాలుల కప్పు బదులు నాలుగు వాలులు పెట్టాం, గాలికి అడ్డంగా నిలబడే గోడ ముక్క ఉండదు. చూరు పొట్టిగా ఉంచాం. వసారా రేకులు విడిగా బిగించాం, అది పోయినా పెద్ద కప్పుని పట్టుకుని పోకూడదని. కప్పు కింది పైపుల్ని స్తంభాలకి ఇనప పట్టీలతో కట్టేశాం.

మేస్త్రీ మొదట్లో మా మీద తెగ విసుక్కున్నాడు, ఇన్ని బోల్టులు దేనికి, డబ్బులెక్కువయ్యాయా అని. నాలుగు వాలుల కప్పు అనగానే మాత్రం నవ్వేసి, "అంటే సుట్టిల్లు లాగనా" అన్నాడు. మా ప్రొఫెసర్ రెండు క్లాసులు చెప్పింది ఆయన ఒక్క మాటలో అనేశాడు. మన ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్లు చూసుంటారు కదా, గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది, గాలికి పట్టుకోడానికి మూలే దొరకదు. గుజరాత్ కచ్‌లో భుంగాలనే ఇళ్లు కూడా గుండ్రటివే, 2001 భూకంపానికి చాలా వరకు నిలబడ్డాయి. మన దగ్గర చుట్టిల్లంటే పేదరికం అని తీసేసి, నాలుగు మూలల రేకుల షెడ్డు వేసుకుని ప్రతి తుఫానుకీ ఏడుస్తున్నాం. ఇది నా సొంత గోల, టాపిక్ మారిపోయింది, సారీ.

గని గుంతలు, నల్ల దుమ్ము... పిల్లలకి సేఫేనా?

గుంతల దగ్గరికి ఎవర్నీ పంపం. వానాకాలం నిండితే చెరువులా అందంగా కనిపిస్తుంది, గట్టు నిలువుగా ఉంటుంది, దిగితే ఎక్కడానికి పట్టు దొరకదు, ఈత వచ్చినోళ్లకీ అంతే. ఊళ్లో పిల్లల్ని అటు పోకుండా ఆపడానికి ముళ్లకంప వేస్తారు, వాళ్లు దాన్ని దాటేస్తారు. కంచె మీద ఇంకా తెగలేదు మాకు, ఈసారి స్టూడియో పని అదే.

మాంగనీసు దుమ్ము ఏళ్ల తరబడి బాగా పీలిస్తే నరాలకి దెబ్బ, చేతులు వణకడం, నడక మారడం, పార్కిన్‌సన్స్ జబ్బు లాగే ఉంటుంది. అది గనిలోనూ ఫర్నేసుల్లోనూ ఏళ్లు పనిచేసినవాళ్ల సంగతి, ఆదివారం వెళ్లి వచ్చేవాళ్లకి భయం లేదు. అయినా మాస్క్ పెట్టుకోండి, గుట్టల మీద పొడిగా ఉన్నప్పుడు తవ్వొద్దు, నీళ్లు చల్లి తవ్వండి.

పర్మిషన్లు, డబ్బులు?

పర్మిషన్ దగ్గరే చాలామంది జావగారిపోతారు. ముందు ఆ నేల ఎవరిదో తేలాలి, పాత లీజు భూమా, ప్రభుత్వానిదా, ఎవరి పట్టానా. కనిపించేదొకటి, రికార్డులో ఉండేదొకటి. తర్వాత పంచాయతీ తీర్మానం, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఒకసారి వచ్చి చూడడం. ఆయన టీ తాగి వెళ్తూ ఒక మంచి మాట చెప్పాడు, డ్రాయింగ్ ఏ-త్రీ కాగితం మీద కాదు గోడ మీద సుద్దతో గీయండి, అందరికీ అర్థమవుతుంది అని. అప్పట్నుంచీ అలాగే చేస్తున్నాం.

డబ్బు కొంత మా సీనియర్లు ఇచ్చారు, కొంత సంఘం పెట్టింది, ఇసకా కూలీ పనీ ఊరిది. ఒక కంపెనీ వాళ్లు రంగు డబ్బాలు ఫ్రీగా ఇస్తాం, గోడ నిండా మా బోర్డు వేయండి అన్నారు, వద్దన్నాం. 2015 చట్ట సవరణతో జిల్లా మినరల్ ఫౌండేషన్ అని వచ్చింది, గనుల లీజుదారులు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ కాక, దాని లెక్కన ఇంకొంత అందులో వేయాలి, అది గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్ల నీళ్లకీ ఆరోగ్యానికీ చదువుకీ వాడాలి. మూతపడ్డ గని ఊళ్లు అడగడం మానేశాయి, వాళ్లకది తమది కాదనిపిస్తుంది. అర్జీ రాయడంలో మేం సాయం చేశాం. డిజైన్ స్కూల్లో అర్జీ రాయడం నేర్పరు, నేర్పాలి.

ఊరోళ్లకి ఇళ్లు కట్టిస్తారా?

ఇది ఊళ్లోనే ఎక్కువ అడుగుతారు. లేదు. మా చేతిలో లేని పని, ఆశ పెట్టడం పాపం. ఇల్లు శాంక్షనై కట్టుకుంటున్నవాళ్లకి కప్పు బిగింపు, కిటికీ ఎటు పెట్టాలి లాంటివి చెప్తాం, మేస్త్రీతో మాట్లాడతాం.

మా అమ్మాయిని పంపొచ్చా? రాత్రి ఉండాలా?

సాయంత్రం బండికి వెనక్కి వచ్చేస్తాం. ఆడపిల్లలే ఎక్కువ మా గ్యాంగులో, ఊళ్లో ఆడవాళ్లు వాళ్లతోనే మనసువిప్పి మాట్లాడతారు, మగపిల్లలు వెళ్తే "ఏటి బావూ రాస్తన్నావు, లోనుకా?" అంటారు. అన్నం ఎవరో ఒకరింట్లో పెడతారు, డబ్బిస్తే తీసుకోరు, సరుకులు తీసుకెళ్లండి.

దీంతో ఉద్యోగం వస్తుందా?

డైరెక్టుగా రాదు. మా బ్యాచ్‌లో ఒకతను ఇంటర్వ్యూలో షెడ్డు ఫొటో చూపిస్తే, బోల్టుల మధ్య దూరం ఎంత పెట్టారని అడిగారట, గడగడా చెప్పాడట, తీసుకున్నారు. ఇంకొకళ్లకి ఇదే పోర్ట్‌ఫోలియో చూపిస్తే "ఎన్జీవో పనా" అని పక్కన పెట్టేశారు. రెండూ జరుగుతాయి.

నేనూ రావచ్చా? ఎప్పుడు?

రావచ్చు, డిజైన్ చదవక్కర్లేదు, వెల్డింగ్ తెలిసినోళ్లు అయితే కాళ్లకి దండం పెడతాం. టోపీ, నీళ్ల సీసా, పాత చెప్పులు తెచ్చుకోండి, తెల్లచొక్కా వద్దు, ఆ నలుపు ఏ సబ్బుకీ పోదు. కెమెరా బ్యాగులోనే ఉండనివ్వండి మొదటిరోజు. స్టేషన్లో దిగి ఆటో మాట్లాడుకుని తొందరగా చేరిపోతే షెడ్డుకి తాళం వేసుంటుంది, కంగారు పడి ఫోన్లు చేయకండి, పిన్ని కొట్టు తెరిచేదాకా మా బెంచీ మీద కూర్చోండి, పొద్దున పూట అయితే కాలదు.